అల్లుడు గుర్తుపడితేనే టిప్పు

కారెక్కకముందే టిప్పు అడుగుతోందని ఊబర్ మీద కేంద్ర వినియోగదారుల మంత్రి ప్రహ్లాద్ జోషీ గారికి కోపమొచ్చింది. టిప్పు హక్కు కాదట, సేవ అయ్యాక మెచ్చి ఇచ్చేదట. నోటీసు కూడా వెళ్లింది. బాగుంది. ఈ న్యాయం కార్ల దగ్గరే ఆగిపోవడం దేనికి? మా కె.కోటపాడు పెళ్లిళ్లకీ పెట్టండి. 2022లో మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ, పెళ్లి ఖర్చులు మాత్రం ఇంకా విశాఖపట్నంలోనే ఉండిపోయాయి.

ఊబర్ పుట్టకముందు నుంచీ ఇక్కడ అడ్వాన్సు టిప్పే. డోలు మీద ఐదొందల నోటు పడితేగాని గట్టిమేళం గట్టిపడదు. చెప్పులు దాచిన మరదలికి నోటీసు ఎవరిస్తారో అదీ చూద్దాం.

కాబట్టి ఈ ముహూర్తాల నుంచే కొత్త పద్ధతి. సేవ పూర్తవ్వాలి, తృప్తి కలగాలి, అప్పుడే చెయ్యి జేబులోకి. బ్యూటీషియన్‌కి పెళ్లికూతురు మొహం కడుక్కున్నాక, అల్లుడు గుర్తుపడితే. వంట మేస్త్రీకి మర్నాడు పొద్దున్న, చుట్టాల కడుపులన్నీ వాకబు చేశాక. ఫొటోగ్రాఫర్‌కి ఆల్బం చేతికొచ్చాక, అంటే మనవడి అన్నప్రాశన నాటికి. ఇక పంతులుగారు. తాళి కట్టించేస్తే ఆయన పనైపోయినట్టేనా? కాపురం ఎలా సాగుతోందో చూడొద్దూ? మొదటి ఆషాఢానికి ఒక స్టారు, రెండో కాన్పుకి ఇంకోటి, షష్టిపూర్తికి ఐదూ నిండితే సంభావన. అప్పటికి ఆయన లేకపోతే వారసులకి, ధ్రువపత్రం తెచ్చుకుంటే. మధ్యలో జంట చోడవరం కోర్టుకెక్కిందా, పంతులుగారే ఎదురివ్వాలి.

మంత్రిగారి మాటను ఇప్పటికే తు.చ. తప్పకుండా పాటిస్తున్నవాడు మాత్రం ఒకడున్నాడు. వడ్డన కుర్రాడు. ఆఖరి బంతి లేచాక, సాంబారు మరకల తెల్లచొక్కాతో, చేతులు కడుక్కునే చోట నిలబడతాడు. అప్పటికి పెళ్లికూతురి తండ్రి జేబు ఖాళీ. ఎవరో వందిస్తే, పంచుతానని మేస్త్రీ పట్టుకుపోతాడు. కాలేజీ ఫీజు కోసం వచ్చిన పిల్లాడు, గిన్నె అడుగున మిగిలిన పులిహోర తిని అర్ధరాత్రి వ్యాను వెనకాల గంగాళాల మధ్య కూర్చుంటాడు. ప్లేటుకింత అని మనకి పైసలతో సహా లెక్కకట్టే కాంట్రాక్టరు, ఆ పిల్లాడికెంత ఇచ్చాడు? మనమెప్పుడైనా అడిగామా? అడగం. అడిగితే ప్లేటు రేటు పెరుగుతుంది. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది, కల్యాణమండపం గుమ్మం మాత్రం ఎన్నడూ తొక్కలేదు. టిప్పు హక్కు కాదని చెప్పడానికి ఢిల్లీ నుంచి నోటీసు కదిలిందే! కూలి హక్కేనని చెప్పడానికి అనకాపల్లి నుంచి ఒక్క ఇన్‌స్పెక్టరు కదలడేం?