మా మనిషి కాదండీ!

పని సజావుగా సాగినంతకాలం ఎవరి మనిషో అందరికీ తెలుసు. ప్రమాదం జరిగాకే చుట్టరికాలు తెగిపోతాయి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల మధ్య నుంచి బిర్యానీ ప్యాకెట్టుతో దూసుకుపోయే కుర్రాణ్ణే చూడండి. ఒంటిమీద కంపెనీ టీషర్టు, వీపున కంపెనీ బ్యాగు, చేతిలో కంపెనీ యాప్. రేటు యాప్ చెబుతుంది, ఐడీ బ్లాకయితే ఆ పూట తిండి పోతుంది. అయినా అతను ఉద్యోగి కాడు, ‘పార్ట్‌నర్’! లాభంలో వాటా అడక్కూడదు గానీ, హాస్టల్ పిల్లలకు టిఫిన్ తీసుకెళ్తూ కొత్తపేట దగ్గర కిందపడితే, విరిగిన కాలు మొత్తం అతని వాటాకే వస్తుంది.

ఎల్‌బీ నగర్ వైపు వెళ్తే ఇదే విద్యకు పాత రూపం ఉంది. దాని పేరు కాంట్రాక్టు.

2021 ఆగస్టు 3 రాత్రి సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. పని జీహెచ్‌ఎంసీది, మురుగు నగరానిది, దిగినవాళ్లు మాత్రం కాంట్రాక్టరు మనుషులు. కేసు కూడా కాంట్రాక్టరు మీదే పెట్టారు. అయితే 2013 నాటి చట్టం ఈ ఎత్తును ముందే కనిపెట్టింది. స్థానిక సంస్థయినా సరే, ‘నేరుగా గానీ పరోక్షంగా గానీ’ మనుషుల చేత ప్రమాదకరంగా మురుగు తీయించకూడదంది. మ్యాన్‌హోల్ మరణానికి 2014లో 10 లక్షలన్న సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ‘మా మనిషి కాదు’ అన్న మాట ధర మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉచితమే.

ఈ విషయంలో తెల్లదొరల బుర్రే కాస్త చురుగ్గా పనిచేసింది. 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, యజమాని తన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినా గాయపడ్డ కార్మికుడికి పరిహారం తానే చెల్లించాల్సి ఉండేది. ఆ డబ్బు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం యజమాని తలనొప్పి. మునిసిపాలిటీ విధులనూ వ్యాపారంగానే లెక్కించాలని కూడా ఆ చట్టం రాసి పెట్టింది.

కాంట్రాక్టరు గోడ చాటున దాక్కోవడం కుదరదని తేలాక, తెలివైనవాళ్లు కార్మికుణ్ణే కాంట్రాక్టరును చేసేశారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్‌ను గుర్తించింది, సంతోషం. కానీ సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడిగా గుర్తించింది! కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలట. అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటకుండా. బాధ్యత గణేశ్ మండపం చందా స్థాయికి దిగిందన్నమాట.

ఈ కోడ్ అమల్లోకి రాకముందు, 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో కుక్క వెంటపడితే మూడో అంతస్తు నుంచి దూకి ఒక స్విగ్గీ డెలివరీ యువకుడు చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. మంచి పనే. ఆర్డరు మీద కమీషన్ కంపెనీకి, చావు ఖర్చు సర్కారు ఖజానాకు!

నచ్చినప్పుడు లాగిన్ కావచ్చు, అదే స్వేచ్ఛ అంటారు కంపెనీలవాళ్లు. బాగుంది. ఆ లాగిన్ బటన్ కిందే, కాలు విరిగితే ఎంత ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో రెండు లైన్లు చేర్చమనండి. కోడింగ్ కష్టమంటారా, నేర్పడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు.