నిశ్చింత పరిణయ సూత్రం, సూరత్ వ్యాఖ్యా సహితం

మూలం: “ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. పనులు పంచుకోండి. బడ్జెట్ దాటకండి. అతిథుల జాబితా ముందే తేల్చండి. లోతుగా ఊపిరి పీల్చుకోండి. పెళ్లి మీది, టెన్షన్ మాది.”

అవతారిక: కల్యాణ మండపాల కౌంటర్ల మీద దొరికే కరపత్రాల్లోనూ, ఫోన్లలో చేతులు మారే వీడియోల్లోనూ ఉన్న ఉపదేశాలన్నీ పిండితే పై సూత్రం దిగుతుంది. కర్త పేరు లేదు. అపౌరుషేయమని ఒప్పుకుందామంటే కింద ఫోన్ నంబరు ఉంటుంది. ఆడపిల్ల పెళ్లి తలపెట్టి నిద్రపట్టని తండ్రికి, ఆ బాధలన్నీ ఎప్పుడో దాటేసినవాళ్లలా చిరునవ్వుతో చెయ్యెత్తి బోధించడం ఈ సంప్రదాయపు లక్షణం. ఇంత గంభీరమైన గ్రంథానికి ఇంతవరకు టీక లేదు. ఆ లోటు తీర్చడానికి సూరత్‌లోని తెలుగు నేతకారుల పెండ్లిళ్లను ఉదాహరణగా పెట్టుకుని ఈ వ్యాఖ్య బయల్దేరింది.

మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే టీక రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి ఒట్టుకు కట్టుబడి ఉంటాడు. రెండోది పెళ్లి విషయంలో కుదరదు. అక్కర్లేనివన్నీ తీసేస్తే మిగిలేది పసుపుతాడు, అక్షింతలు. వాటికి టీక ఎవరికీ అవసరం లేదు. ‘టెన్షన్’ అనే పదానికీ అర్థం సుగమమే కనుక వదిలేయడమైనది.

ఆరు నెలల ముందే. దీనికి కావ్యప్రమాణం దొరకదు. కుమారసంభవం ఆరో సర్గలో సప్తర్షులు పిల్లనడగడానికి హిమవంతుడి ఇంటికి వస్తారు. ఆయన భార్య మేన ముఖం చూసి, ఆమె ఒప్పుకుందని గ్రహించి, సరేనంటాడు. ముహూర్తం ఎప్పుడని అడిగితే ఋషులు మూడు రోజులు గడిచాక అన్నారు. అంతే. లోకంలో ఇంతకన్నా పెద్ద పెళ్లి లేదు, ఇంతకన్నా చిన్న గడువూ లేదు. ఆ మూడు రోజులూ ఎవరికి కష్టంగా గడిచాయో కూడా కవి చెప్పాడు. పెళ్లికూతురి తండ్రికి కాదు, పశుపతికి! పార్వతిని ఎప్పుడు కలుస్తానా అన్న ఆత్రం తప్ప ఆయనకు వేరే చింత లేదు. పర్వతరాజుకు మాత్రం ఊరు ఊరంతా సొంతం. హాలుకు అడ్వాన్సు కట్టే పని లేదు.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతపు తెలుగాయనకు ఆ వెసులుబాటు లేదు. వరంగల్ నుంచి చుట్టాలు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. రైలు రిజర్వేషన్ ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు కుదించారు. కాబట్టి సూత్రాన్ని నమ్మి ఆరు నెలల ముందే మొదలుపెట్టినవాడు టికెట్ల సంగతి నాలుగు నెలలపాటు ఊరికే తలచుకుని బెంగపడాలి.

ఇక్కడ వ్యాఖ్యాతకు కొంచెం కోపం వస్తుంది. సూరత్ పద్మశాలి కుటుంబాలు తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికోసం వచ్చినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత పాత వలస అది. మగ్గం మీద కూలి మీటర్ల లెక్కన. నేసిన రోజే కూలి, నేయని రోజు సున్న. గుజరాతీలు లగన్‌సరా అనే పెళ్లిళ్ల కాలానికి చీరల ఆర్డర్లు ముంచెత్తుతాయి. మగ్గం ఆపితే ఎక్కువ నష్టం అప్పుడే. ధనుర్మాసం వచ్చిందా, వాళ్లు కమూర్తా అంటారు, మనం ముహూర్తాల్లేవంటాం. సంక్రాంతి దాకా ఇద్దరికీ పెళ్లిళ్లు ఉండవు. అంటే ఊరందరి పెళ్లిళ్లకు బట్ట నేయాల్సిన రోజుల్లోనే తన బిడ్డ పెళ్లికి మగ్గం దిగాలి. ఆరు నెలలు తీరిగ్గా ప్లాన్ చేసుకోమన్న మహానుభావుడికి నెల జీతం, సెలవు జీతం రెండూ ఉన్నాయని ఊహించడానికి పెద్ద శాస్త్రజ్ఞానం అక్కర్లేదు.

పనులు పంచుకోండి. సూచీకటాహ న్యాయమని ఒకటుంది. ఒకడు సూది, ఇంకొకడు కాగు చేసిపెట్టమని అడిగితే కమ్మరి ముందు సూది చేసి పంపేస్తాడు. పెళ్లింట్లో ఈ న్యాయం తు.చ. తప్పకుండా నడుస్తుంది. సూదులన్నీ మగవాళ్లు పంచుకుంటారు: కార్డుల డిజైను, బరాత్ డీజే, ఫొటోగ్రాఫరు. కాగు పిల్ల తల్లికి మిగులుతుంది. సూత్రంలో క్రియ ఉంది, కర్త లేడు; ‘అమ్మ’ అని అధ్యాహారం చేసుకోవాలి.

బడ్జెట్ దాటకండి. దీనికి సూరత్‌లోనే ఒక గొప్ప దృష్టాంతం ఉంది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయిన రోజుల్లో ఇక్కడ ఒక జంట వచ్చినవాళ్లకు చాయ్ మాత్రమే ఇచ్చి, అయిదు వందల రూపాయల్లో పెళ్లి ముగించింది. ప్రధాని ఆ నెల మన్ కీ బాత్‌లో ఆ పెళ్లిని మెచ్చుకున్నారు. పూర్వపక్షం: అయితే అందరూ అలాగే చేయవచ్చు కదా? సమాధానం: నోట్లు లేని కాలంలో చుట్టాలు క్షమించారు. నోట్లు తిరిగి వచ్చాయి.

మద్యం సంగతిలో మాత్రం చట్టమే పెళ్లివారికి మేలు చేసింది. 1960లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన బావమరిది మొహం మాడ్చుకున్నా, ప్రభుత్వం మీదకు నెట్టేయవచ్చు. ఇక వాడీలు అనే ఇక్కడి పెళ్లి హాళ్లలో చాలాచోట్ల మాంసం వండనివ్వరు. మటన్ లేని లగ్గం ఏం లగ్గమని అలిగేవాళ్లకు సమాధానం చెప్పే బాధ్యత మళ్లీ పిల్ల తండ్రిదే. ‘టెన్షన్ మాది’ అన్నవారు ఆ సమయానికి ఫోన్ ఎత్తరు.

అతిథుల జాబితా ముందే తేల్చండి. జాబితా అనగానే వ్యాఖ్యాతకు ప్రేమానందుడు గుర్తొచ్చాడు. పదిహేడో శతాబ్దపు ఈ వడోదర కవి, కృష్ణభక్తుడు నరసింహ మెహతా కూతురు కుంవర్‌బాయి కథను ఆఖ్యానంగా రాశాడు. కూతురి సీమంతానికి పుట్టింటివారు మామేరూ పెట్టాలి, అంటే బట్టలూ కానుకలూ. భక్తుడి దగ్గర తాళాలు, తులసిమాల తప్ప ఏమీ లేవు. వియ్యాలవారు నవ్వారు. అత్తింటి ముసలమ్మ కూర్చుని ఎవరికేం పెట్టాలో వరసబెట్టి జాబితా రాయించింది, అతను ఎలాగూ తేలేడన్న ధీమాతో. అప్పుడు శ్రీకృష్ణుడు దామోదర్ దోసి అనే వర్తకుడి వేషంలో లక్ష్మీసమేతంగా దిగి, జాబితాలో ఉన్నవీ లేనివీ పెట్టి వెళ్లాడు. గజేంద్రుడి కోసం ఉన్నపళాన పరుగెత్తిన స్వామి ఇక్కడ లెక్క చూసుకుని, బట్టలు సర్దుకుని వచ్చాడన్నది గమనార్హం. వియ్యపురాలి ముందు ఉత్త చేతులతో రావడం మొసలితో పోరాడటం కన్నా ప్రమాదమని ఆయనకు తెలుసు.

గుజరాత్ ప్రభుత్వం ఈ కథ పేరుతోనే పేదింటి ఆడపిల్లల పెళ్లికి రూ. 12,000 ఇస్తోంది. కావ్యంలో అది సీమంతపు కానుక, పథకంలో పెళ్లి కానుక. ఈ పాఠభేదాన్ని పండితులు గమనించాలి. తెలంగాణ కల్యాణలక్ష్మి రూ. 1,00,116 ఇస్తుంది, కానీ తెలంగాణ నివాసులకే. సూరత్ తెలుగువాళ్లకు దామోదర్ దోసి వాటా మాత్రం దక్కుతుంది, అదీ కాగితాలన్నీ సరిగ్గా ఉంటే.

ముసలమ్మ జాబితా ఇప్పుడు పెట్టుబడి చీరల జాబితా అయింది. మేనత్తలకు, ఆడబిడ్డలకు, వాళ్ల ఆడబిడ్డలకు, అవతలివైపు అంతేమందికి. ఆ చీరల జీవితం చిత్రమైనది. లింబాయత్‌లో మగ్గం మీద తెల్లబట్టగా పుడుతుంది, అప్పటికి దాన్ని గ్రే అంటారు. పాండేసరా మిల్లుల్లో రంగు, అచ్చు పడతాయి. రింగ్ రోడ్డు మార్కెట్లలో మడత పడి, అంచుకు లేసు కుట్టించుకుని, పెట్టెకెక్కి, లారీలో తెలుగు ఊళ్లకు చేరుతుంది. అక్కడ ఎవరి పెండ్లిలోనో బొట్టుపెట్టి ఇస్తారు. తీసుకున్నావిడ రంగు చూసి, అంచు చూసి, బీరువాలో పెట్టి, తరువాతి పెండ్లిలో ఇంకొకరికి పెడుతుంది. కట్టుకునే యోగం ఆ చీరకు లేదు. పునర్జన్మలు మాత్రం లెక్కలేనన్ని. తిరిగి తిరిగి అది నవజీవన్‌లో సూరత్ చేరి, నేసినవాడి కూతురి పెళ్లికే కానుకగా రావచ్చు. గుర్తుపట్టేది అతనొక్కడే. ఏమీ అనడు. (పెళ్లికూతురి కంచిపట్టు కథ వేరు. దానికి జరీ తరచు ఈ ఊరి నుంచే వెళుతుంది, ఆ చీరను ఎవరూ ఎవరికీ పెట్టరు.)

ఎక్కడున్నాం? సూత్రంలో. అతిథుల జాబితా తేల్చడం తేలికే. ఎవరికే చీర అన్నది తేలదు. కరపత్రంలో ఆ మాటే లేదు. పూల రంగుకు, కేకు ఎత్తుకు పేజీలకు పేజీలు రాసినవారికి పెద్దత్త అలక గురించి ఒక్క వాక్యం రాయడానికి చోటు దొరకలేదు.

జాబితా లేని పెళ్లిళ్లు ఇదే ఊళ్లో జరుగుతున్నాయి. 2018 డిసెంబరులో వజ్రాల వ్యాపారి మహేశ్ సవాణీ తండ్రి లేని 261 మంది ఆడపిల్లలకు ఒకే వేదిక మీద పెళ్లిళ్లు చేయించారు. పటేల్ సమాజంలో సమూహ లగ్నాలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. స్థోమత ఉన్నవాళ్లు కూడా పిల్లల్ని అందులోనే కూర్చోబెడతారు. ఒకే పందిరి, ఒకే వంట, ఒకే రోజు. తెలుగువాళ్లు వెళ్లి చూస్తారు, భోజనం బాగుందంటారు, “మన పిల్లకేం ఖర్మ” అనుకుంటూ ఇంటికొచ్చి అప్పుకోసం ఫోన్ చేస్తారు.

లోతుగా ఊపిరి పీల్చుకోండి. మగ్గాల షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి ఇది చెప్పకూడదు. అక్కడ గాలిలో నూలుపొట్టు ఉంటుంది.

తాత్పర్యం: ఈ సూత్రం హిమవంతుడికి చెల్లుతుంది, ఆయనకు అవసరం లేదు. అవసరమైనవాడికి చెల్లదు. పెళ్లి భారం తగ్గించే శక్తి పెళ్లి చేసేవాడి చేతుల్లో కొంతే ఉంది. మిగతాది భోజనానికి వచ్చేవాళ్ల దగ్గర ఉంది. అందుచేత పాఠకులకు ఒక మనవి. సూరత్ నుంచి ఎవరైనా కార్డు పట్టుకొస్తే, అందుకున్నప్పుడే “మాకు చీరలు పెట్టొద్దు, పిల్లను చూడడానికి వస్తాం” అని చెప్పండి. పెండ్లిరోజు చెబితే ఉపయోగం లేదు, అప్పటికే కొనేసి ఉంటారు.