కవచధారి

తన ధనము నపహరింపగోరు దొంగయు, తన గుట్టు పసిగట్టగోరు వేగులవాడును లేకుండుట సామాన్య మానవునకు సుఖహేతువు కావలెను. కాని, తమ్మెవ్వరును వెంబడించుట లేదను సత్యమును ఘోరావమానముగా భావించు తెగ యొకటి మన నడుమ కలదు. వెనుకటి తరమున ఈ తెగవారు వీధితలుపునకు మూడు తాళములు వేసి, నాలుగడుగులు నడచి, వెనుకకు వచ్చి ఆ మూడింటిని లాగి చూచి, ఆ లాగుటలోనే రైలు తప్పించుకొనుచుండెడివారు. ఈ తరమువారు లాప్‌టాపు కొని, దానితో వచ్చిన విండోసును సమూలముగా తుడిచివైచి, ఆ స్థానమున క్యూబ్స్ అను భద్రతాప్రధానమైన ఆపరేటింగ్ సిస్టమును ప్రతిష్ఠింప బూనుచున్నారు.

అట్టివారిలో నొకనిని పాఠకులకు పరిచయము చేయదలచితిని. పేరు చెప్పుట అతని సిద్ధాంతమునకే విరుద్ధము. చెప్పనవసరమును లేదు, ఏలయన ప్రతి అపార్టుమెంటునందును ఇట్టివాడొకడు తప్పక యుండును. కవచధారి యందము. వయస్సు నలువదియైదు, నివాసము హైదరాబాదు, వృత్తి ఒక సహకార సంఘమున లెక్కలు వ్రాయుట. ఇతడు పరదేశపు గూఢచారి కాడు, ప్రభుత్వములను గడగడలాడించు పత్రికారచయిత కాడు, ప్రాణభయముతో తిరుగు హక్కుల కార్యకర్తయు కాడు. వారికి ఇట్టి సాధనము ప్రాణావసరమే, కాదనను. ఇతని లాప్‌టాపులో నున్నవి అపార్టుమెంటు చందాల పట్టిక, తిరుమల దర్శనపు పాత టిక్కెట్లు, మేనకోడలి వోణీల వేడుక ఫోటోలు, ఒక ఆధార్ కార్డు ప్రతి. ఈ ప్రతియొక్క తోబుట్టువులు ఇదివరకే వీధిచివరి జిరాక్సు దుకాణపు కంప్యూటరులోను, సిమ్ కార్డు లమ్మువాని సంచిలోను, ఎన్నడో బసచేసిన లాడ్జీ రిజిస్టరులోను సుఖముగా కాపురముండగా, ఇంట మిగిలిన యీ కడగొట్టు ప్రతిని మాత్రము సప్తప్రాకారముల లోపల నిలుపవలెనని ఇతని దీక్ష.

క్యూబ్స్ నిజముగా గౌరవింపదగిన నిర్మాణమే. పోలెండు దేశీయురాలగు జొవానా రుట్‌కోవ్‌స్కా దీనిని 2010లో లోకమునకు వెల్లడించెను. తొలి పూర్తి రూపము 2012లో వెలువడెను. దోషములేని ప్రోగ్రాము ఎచ్చటను లేదని మొదటనే యొప్పుకొని, ఒకచోట జొరబడిన శత్రువు మరియొకచోటికి పోజాలకుండునట్లు ఒకే కంప్యూటరును పెక్కు కంప్యూటర్లుగా విభజించుట దీని యంతరార్థము. అడుగున ఈ విభజనను నడుపు జెన్ అను హైపర్‌వైజరు. దానిపై ఆఫీసు పనికి ఒక క్యూబు, సొంతపనికి ఒకటి, నమ్మరాని వెబ్‌సైట్లకు ఒకటి, పాస్‌వర్డులు దాచుకొనుటకు నెట్‌వర్కు లేనిది మరియొకటి. ఏ కిటికీ ఏ క్యూబుదో తెలియుటకు అంచులకు నీలము, పసుపు, ఎరుపు, నలుపు రంగులు. వీటినన్నిటిని శాసించు డామ్-జీరోకు ఇంటర్నెట్టుతో సంబంధమే లేదు. మన యిండ్లలో మడి చూచినవారికి దీనిని వివరింప బనిలేదు: మడి కట్టుకొన్న అమ్మమ్మ ఇల్లంతయు నేలుచు వీధివారి నీడనైనను సోకనీయనట్లు డామ్-జీరో యంత్రమంతయు నేలుచు వీధి మొగము చూడదు, దానికి కావలసిన అప్‌డేట్లను సైతము మైలబడిన వేరొక క్యూబు తెచ్చి గడపవద్ద నుంచవలసినదే. ఒక క్యూబునుండి మరియొక క్యూబునకు ఒక్క వాక్యమును మోసికొనిపోవలెనన్నను నాలుగు పర్యాయములు మీటల జంటలు నొక్కవలెను.

ఇంత చేసియు దీని నిర్మాతలు తమ సిస్టము 'సహేతుకమైన మేరకు' మాత్రమే భద్రమని వినయముగా చెప్పుకొందురు. కవచధారి నోట ఆ 'సహేతుకమైన' అన్న మాట నేనెన్నడును వినలేదు. అమెరికా ప్రభుత్వపు నిఘా గుట్టు రట్టుచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2016లో దీనిని మెచ్చుకొనినాడను వార్తను మాత్రము పాలప్యాకెట్లు వేయు కుర్రవాడు సైతము ఇతని వలననే యెరిగినాడు.

ప్రతిష్ఠకు పూర్వాంగము శుద్ధి. దింపుకొన్న ఫైలు అసలుదో, దారిలో నెవ్వడైన మార్చినదో తేల్చుటకు దాని సంతకమును పరీక్షింపవలెను. ఆ సంతకము నమ్మదగునో లేదో తేల్చుటకు మూలమైన తాళపుచెవి వేలిముద్రను, అనగా 40 అక్షరముల వరుసను, పలుచోట్ల దొరకు ప్రతులతో పోల్చవలెను. ఉపన్యాసముల వీడియోలలో, టీషర్టుల ఫోటోలలో కనబడు ముద్రతో సైతము సరిచూచుకొనుడని నిర్మాతల ఉపదేశము. కవచధారి దీనిని బ్రాహ్మీముహూర్తమున భార్యాసమేతుడై నిర్వర్తించెను.

"నాలుగు, రెండు, ఏడు, ఎఫ్..."

"ఆఁ."

"ఒకటి, ఒకటి, ఎఫ్, డీ..."

"డీ నా, బీ నా? సరిగ్గా చెప్పండి."

"డీ! ఢిల్లీ డీ!"

"పాలు పొంగుతున్నాయండీ."

"పొంగనీవే! ఇక్కడ మధ్యలో ఆగితే మళ్ళీ మొదటినుంచీ చదవాలి."

శుద్ధి ముగిసెను; పాలును ముగిసెను.

అటుపిమ్మట విఘ్నపర్వము. ఫైలును పెన్‌డ్రైవునకు ఎక్కించుటలో రూఫస్ అను పరికరము 'డీడీ' పద్ధతియా, వేరొకటియా యని అడుగును. డీడీ యనక తప్పదు. ఇతడు వేరొకటి యనెను. లాప్‌టాపు తనకేమియు కనబడలేదనెను. అది సరిచేసిన వెనుక బయోసులో 'సెక్యూర్ బూట్' అను కట్టుబాటు అడ్డుపడెను. దానిని తీసివేసినగాని ఈ సిస్టము లోనికి రాదు. భద్రతకొరకు భద్రత యని పేరుగల మీటనే ఆర్పవలసి వచ్చుట సామాన్యునకు వింతగా తోచునుగాని, కవచధారి అందొక వేదాంతమును దర్శించి, మధ్యాహ్నభోజన సమయమున ఆఫీసువారికి దానిని వ్యాఖ్యానించెను. వారు పెరుగన్నము త్వరత్వరగా ముగించిరి.

పిమ్మట తెరమీద ఒక హెచ్చరిక వెలసెను: ఈ యంత్రమున ఐఓఎమ్‌ఎమ్‌యూ లేదు, క్యూబ్స్ సరిగా నడువదు. నెట్‌వర్కు కార్డు మొదలగు పరికరములు తమకు కేటాయించిన మెమరీ హద్దు దాటి ఇతర భాగములపై చేయి వేయకుండ కట్టడిచేయు ఏర్పాటది. సాధారణముగా అది ప్రాసెసరులో నుండనే యుండును, బయోసులో నిద్రించుచుండును. ఇంటెల్ యంత్రములలో వీటీ-ఎక్స్ అనునదొకటి, ఈ ఐఓఎమ్‌ఎమ్‌యూయే యైన వీటీ-డీ అనునదొకటి; మొదటిదానిని మేల్కొలిపి రెండవదానిని మరచుట లోకసహజము. పైగా ఒక కంపెనీ ఆ మీటను 'సెక్యూరిటీ' క్రింద, మరియొకటి 'అడ్వాన్స్‌డ్' క్రింద దాచిపెట్టును. కవచధారి దానికొరకు ఒక ఆదివారమెల్ల వెదకెను. దొరకిన క్షణమున అతని ముఖము చూచినవారు జాలిపడిరి. వెదకుటలో నున్న కళ దొరకుటలో లేదు.

ఈ ముఖమును గురించి యొక మాట చెప్పవలెను. విఘ్నము తీరినప్పుడెల్ల అతడు చిన్నబోవును. కొత్త విఘ్నము తోచినప్పుడెల్ల వెలుగొందును. ఇన్‌స్టాలరు మొదలుకాగానే గ్రాఫిక్సు కార్డు పుణ్యమున తెర నల్లబడినప్పుడు, "చూశావా!" యని భార్యను కేకవేసిన కేకలో పుత్రోత్సాహము ధ్వనించెను. ఆ నల్లతెరకు విరుగుడుగా, కొత్త యంత్రములకొరకు మెనూలోనే కొత్త కెర్నెలుతో ఇన్‌స్టాల్ చేయు మార్గమొకటి వేరుగా కలదు. గచ్చిబౌలిలో ఉద్యోగము చేయు మేనల్లుడు వచ్చి ఆ వరుసను వేలితో చూపి నిమిషములో పని ముగించెను. కవచధారి వానిని రెండు వారములు క్షమింపలేదు.

ఆ మేనల్లుడే యొకనాడు సాహసించి, "మామయ్యా, మంచి పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకుని, అప్‌డేట్లు వేసుకుంటూ, ఫైళ్ళకి ఇంకో కాపీ ఉంచుకుంటే మనలాంటివాళ్ళకి చాలు కదా?" అనెను.

"నువ్వు సాఫ్ట్‌వేరువాడివిరా," అనెను కవచధారి, "నీకు సెక్యూరిటీ సంగతి ఎలా తెలుస్తుంది?"

మెమరీ సంగతి వచ్చెను. ఈ సిస్టమునకు కనిష్ఠము 6 జీబీ. 16 ఉండుట మేలని నిర్మాతలందురు. ఇతని యంత్రమున 8 కలదు. ప్రపంచములోని ఏ ప్రోగ్రామును నమ్మని ఈ మహానుభావుడు మెమరీ పెంచుకొనుటకై సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, ముక్కు మొగ మెరుగని యొక కుర్రవాని చేతికి లాప్‌టాపు నిచ్చి, వాడు దానిని పట్టుకొని లోపలిగదికి పోయి అరగంట స్క్రూడ్రైవరుతో నేమి చేసినది అడుగక, క్రింద ఇరానీ చాయ్ త్రాగుచు కూర్చుండెను. ఇంటికి వచ్చిన వెనుక అతనికి భయము పట్టెను. కుర్రవాని వలన గాదు, పనిమనిషి వలన.

హోటలుగదిలో విడిచిన లాప్‌టాపును శుభ్రముచేయు నెపమున వచ్చినవారు తాకి, బూటు భాగమును మార్చి, మరునాడు యజమాని కొట్టు పాస్‌వర్డును కాజేయు ఉపాయమునకు రుట్‌కోవ్‌స్కాయే 2009లో 'దుష్ట దాసి' యని పేరు పెట్టెను. ఇది నిజమైన యపాయమే. కాని, ఇంట పదునొకండేండ్లుగా పనిచేయుచున్న వెంకమ్మను ఆ దాసిగా ఊహించుటకు కవచధారి ప్రతిభ కావలెను. యంత్రమును విప్పినచో తెలియుటకై స్క్రూలపై మెరుపు గోళ్ళరంగు పూసి, ఆ మెరుపుల యమరికను ఫోటో తీసి యుంచుకొనుట ఈ సంప్రదాయమున నొక యాచారము. భార్య పెండ్లిండ్లకొరకు దాచుకొన్న సీసా ఖాళీయయ్యెను. వెంకమ్మ బల్ల తుడుచుచు ఆ స్క్రూలను చూచి, "అయ్యగారు కంప్యూటరుకి బాగా ముస్తాబు చేశారమ్మా," అని మెచ్చుకొని, దానిని పక్కకు జరిపి, తన పని తాను చేసికొని పోయెను.

ఎట్టకేలకు సిస్టము లేచెను. వైఫై మాత్రము లేవలేదు. నెట్‌వర్కు పరికరములను భరించు సిస్-నెట్ అను క్యూబు మొదలైన మరుక్షణమే పడిపోవును. క్యూబున కప్పగించునప్పుడు పరికరము పూర్వస్మృతి లేకుండ రీసెట్టు కావలెను. కొన్ని వైఫై కార్డులు అందుకు లొంగవు. రీసెట్టు నియమమును ఆ యొక్క కార్డు విషయమున సడలించుట వాడుకలో నున్న చికిత్స. సడలించుట యన్న మాట విని కవచధారి మండిపడెను. ఇంటర్నెట్టు లేకయే నెల గడపెను. "ఇప్పుడు నన్ను హ్యాక్ చేసేవాడు పుట్టలేదు" అనుచుండెను. ఆ మాట అక్షరసత్యము. ఆ నెల కరెంటు బిల్లు సైతము అతనిని చేరలేకపోయెను. ఫ్యూజు తీయ వచ్చిన లైన్‌మన్ ముందర నిలిచి, ఫోనులో డబ్బు కట్టుచు, బ్యాంకు పంపిన ఓటీపీని మెట్లమీది వారందరు వినునట్లు భార్యకు చదివి వినిపించెను. ఆ ఫోను తెరచు గీత ఇంటిలో పసివానికిని తెలియును.

తుదకు నియమము సడలించినాడు, వైఫై వచ్చినది. ఆ సాయంకాలము భార్య సీరియలు చూడబోగా బొమ్మ తెరనిండ పరచుకొనలేదు. తెరనిండిన కిటికీ దొంగ డెస్క్‌టాపుగా నటింపవచ్చును గనుక ముందుగా అనుమతి నిచ్చినగాని క్యూబ్స్ దానిని ఒప్పదు. పైగా గ్రాఫిక్సు చిప్పు సాయము క్యూబులకు లేనందున బొమ్మ తడబడుచు నడచెను. ఆమె లేచి టీవీ పెట్టుకొనెను. కవచధారి మాత్రము అన్నియు సక్రమముగా పనిచేయుచున్న లాప్‌టాపు ముందు చేయుటకు పనిలేక కూర్చుండి, చందాల పట్టికను తెరచి, మూసి, మరల తెరచి, రాత్రి తొమ్మిదింటికి అన్నము వలదని పండుకొనెను.

ఇప్పుడతడు చుట్టపక్కాల యిండ్లకు తిరుగుచున్నాడు. కాఫీ త్రాగుచు మాటలసందున మీ లాప్‌టాపు ఏ సంవత్సరపుదని యడుగును. మీ యింటికిని వచ్చును. మూలబడిన యంత్రమేదైన నున్నచో కనబడనీయకుడు; తప్పనిసరియైనచో అందలి ఫోటోలను ముందుగానే వేరొక పెన్‌డ్రైవునకు ఎక్కించి దాచుకొనుడు. డిస్కు తుడుచుటకు ముందు అతడు మిమ్మడుగును గాని, జవాబు వినడు.