కట్నం ముద్దు, కోడలు చేదు

బ్రిటన్‌లో పేరు మోసిన గోల్ఫు క్లబ్బుల ప్రకటనలు చూడండి. విజిటర్లకు సాదర స్వాగతం అని ఉంటుంది. ఆ మాట రాసింది క్లబ్బు గల్లాపెట్టె. మెంబరు చేత రాయిస్తే అది ఇలా ఉండేది: విజిటరు డబ్బుకు సాదర స్వాగతం, తమరు గేటు దగ్గరే ఆగి, డబ్బు మాత్రం లోపలికి పంపిస్తే మరీ సంతోషం.

ఈ జబ్బు మనకు కొత్తేం కాదు. కట్నం లెక్కపెట్టుకున్నంతసేపూ మొహం నిండా నవ్వు. కోడలు గడప తొక్కగానే కాళ్లకు మట్టి ఉందేమోనని చూపు. ఆ అత్తగారికే టై కట్టి, బ్లేజరు తొడిగి, ఎడిన్‌బరో పక్కన సముద్రపు గాలిలో నిలబెడితే గోల్ఫు క్లబ్బు మెంబరు తయారు.

కట్నం కూడా అల్లాటప్పాది కాదు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో వేసవిలో ఒక్కసారి ఆడాలంటే గ్రీన్ ఫీజు 300 పౌండ్ల పైమాటే. మన డబ్బులో ముప్ఫై వేలు దాటిపోతుంది, పద్దెనిమిది గుంతల్లో బంతి వేసి రావడానికి. పేరున్న మెంబర్ల క్లబ్బులు కూడా ధర దగ్గర తమను తాము తక్కువ చేసుకోవు. అమెరికా నుంచి గుంపులు గుంపులుగా దిగి, రోజుకో కోర్సు ఆడి, దుకాణంలో క్లబ్బు బొమ్మ ఉన్న టోపీలు అరడజను కొని పోతారు. ఆ డబ్బుతోనే గడ్డి కోస్తారు, ఇసుక మారుస్తారు, క్లబ్బుహౌసు కప్పు కారకుండా చూస్తారు. ఆ డబ్బు వల్లే మెంబరుగారి ఏడాది చందా పెరగాల్సినంత పెరగదు. తన ఆటలో సగం ఖర్చు ఎవడో ముక్కూమొహం తెలియనివాడు భరిస్తున్నాడన్న సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే అంత కోపం. అప్పిచ్చినవాణ్ణి అయినా క్షమిస్తారేమో గాని, ఊరికే పోషించేవాణ్ణి ఎవరు క్షమిస్తారు?

విజిటరు మీద మోపే నేరాలు ఏ క్లబ్బులోనైనా అవే. మొదటిది, నెమ్మదిగా ఆడతాడు. దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకుంటాడు, గడ్డి పీకి గాలిలో వదులుతాడు, రెండుసార్లు ఉత్తుత్తిగా ఊపి మూడోసారి బంతిని పొదల్లోకి కొడతాడు. మెంబరుకు ఈ హంగామా అంతా ఉండదు. నేరుగా పొదల్లోకే కొడతాడు.

రెండోది, కారు డిక్కీ తెరిచి దాని అంచున కూర్చుని బూట్లు మార్చుకుంటాడు. నవ్వకండి. కార్లు నిలిపే చోట బూట్లు మార్చరాదని రూలు పెట్టుకున్న క్లబ్బులు బ్రిటన్‌లో ఎన్నో. మేజోళ్లతో తారు మీద నిలబడ్డ మనిషిని చూస్తే మెంబరుగారు మొహం తిప్పుకుంటారు, చూడరానిదేదో కంటబడినట్టు.

మూడోది గ్రీను మీది గుంట. దీన్ని కాస్త వంగి చూడాలి. పైనుంచి పడ్డ బంతి, గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన మెత్తటి గ్రీను మీద రూపాయి బిళ్లంత గుంట చేస్తుంది. జేబులో ఉండే రెండు పళ్ల చిన్న పనిముట్టుతో చుట్టూ ఉన్న గడ్డిని లోపలికి నెట్టి, బూటుతోనో పటరనే బ్యాటు అడుగుతోనో అదిమితే త్వరలోనే కలిసిపోతుంది. వదిలేస్తే మచ్చ వారాల తరబడి కనబడుతుంది. మెంబరుగారు ఆ గుంట ముందు మోకాలు వంచి, వేలితో అంచు తడిమి, వయసు కడతారు: నిన్న మధ్యాహ్నం, మూడు మూడున్నర మధ్య. అంటే ఆ విజిటర్ల గుంపే. విజిటరన్నవాడు అడుగు పెట్టని శనివారం, మెంబర్ల పోటీ ముగిశాక చూసినా గ్రీను నిండా గుంటలుంటాయి. విచారణలో అవన్నీ విజిటర్లు ఆడిన గురువారానివని తేలుతుంది.

విజిటరును చిన్నచూపు చూసే ఈ విద్యకు పీఠం స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డు కోర్సు. ఎడిన్‌బరో గోల్ఫర్ల సంఘం వారిది. సంఘం పేరు ముందు ‘ఆనరబుల్’ అని వాళ్లే పెట్టుకున్నారు కనుక, మర్యాద సంగతి ఇతరులు విడిగా చూసుకోనక్కర్లేదు. విజిటర్లకు చాలాకాలంగా అక్కడ దొరికేవి మంగళ, గురువారాలు. మంగళవారం నాడు మనం ఏ శుభకార్యమూ పెట్టుకోం. వాళ్లు విజిటర్లను పెట్టుకుంటారు. భోజనాల గదిలోకి వెళ్లాలంటే కోటూ టై తప్పనిసరి. ఉదయం గాలికీ వానకీ తడిసి, బంతులన్నీ పోగొట్టుకున్నవాడు మధ్యాహ్నం పెళ్లికొడుకులా ముస్తాబైతే గాని ముద్ద దిగనివ్వరు.

ఇక్కడొక తమాషా ఉంది. గోల్ఫుకు రాతపూర్వకంగా దొరికిన తొలి రూళ్లు ఈ సంఘం వారివే. 1744లో లీత్‌లో వెండి బ్యాటు బహుమతిగా పెట్టిన పోటీ కోసం రాసుకున్న పదమూడు రూళ్లు. ఆ పోటీలో బ్రిటన్, ఐర్లాండుల్లో ఏ మూలనున్న ఆటగాడైనా అయిదు షిల్లింగులు కట్టి పేరు రాయించుకోవచ్చు. తమలో తామే ఆడుకునేవాళ్లకు మాట చాలు. కాగితం కావాల్సింది బయటివాడి కోసమే. అంటే ఈ ఆటకు చట్టం పుట్టిందే విజిటరును దృష్టిలో పెట్టుకుని. గ్రీన్ ఫీజుకు అమ్మమ్మ ఆ అయిదు షిల్లింగులే. ఫీజు పెరిగి పెద్దదైంది. ఆదరణ మాత్రం 1744లోనే ఆగిపోయింది.

అదే మ్యూర్‌ఫీల్డులో 1980లో అమెరికన్ ఆటగాడు టామ్ వాట్సన్ ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ సాయంత్రం జనం వెళ్లిపోయాక, తోటి ఆటగాడు బెన్ క్రెన్‌షాతో కలిసి పాతకాలపు చెక్క బ్యాట్లు పట్టుకుని సరదాగా రెండు గుంతలు ఆడటానికి దిగాడు. క్లబ్బు సెక్రటరీ పాడీ హాన్మర్, నౌకాదళంలో కెప్టెన్‌గా చేసిన మనిషి, ఆగమేఘాల మీద వచ్చి ఇద్దరికీ చీవాట్లు పెట్టాడు. కొన్ని గంటల క్రితం ప్రపంచం చూస్తుండగా ఆ మైదానం మీద జగజ్జేత అయినవాడు, పొద్దుగుంకేసరికి అనుమతి లేకుండా గడ్డి తొక్కిన విజిటరయ్యాడు. గోల్ఫు లోకం ఈ కథను నేటికీ మురిపెంగా చెప్పుకుంటుంది. చీవాట్లు తిన్నవాడు మెంబరై ఉంటే ఎంత మురిసేదో మరి.

ఆడవాళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2017 దాకా మ్యూర్‌ఫీల్డులో స్త్రీలు విజిటర్లుగా ఫీజు కట్టి ఆడగలిగేవాళ్లు, మెంబర్లు మాత్రం కాలేకపోయేవాళ్లు. నోటు మీద ఆడా మగా తేడా ఉండదు కదా! 2016లో ఓటింగు పెడితే 64 శాతం మంది స్త్రీలకు సభ్యత్వం ఇవ్వాలన్నారు గాని, కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. వద్దన్నవాళ్లు పంచిన ఉత్తరంలో దిగుళ్ల జాబితా ఉంది: ఆట వేగం తగ్గిపోతుందట, మధ్యాహ్న భోజనం ఏర్పాట్లు తారుమారవుతాయట. నాగరికత అన్నం కంచం దగ్గర ఆగింది. అక్కడ ఇక ఓపెన్ పెట్టబోమని నిర్వాహకులు ఆరోజే ప్రకటించారు. మరుసటి ఏడాది మార్చికల్లా 80 శాతం మందికి జ్ఞానోదయమైంది. ఆదాయానికి గండి పడితే ఆలోచన ఎంత చురుగ్గా పరిగెడుతుందో గమనించారా?

ఒకప్పుడు పొట్టకూటికి ఆడే ప్రొఫెషనల్ కూడా అంటరాని విజిటరే. పోటీలో ఆడాలి, క్లబ్బుహౌసులో అడుగు పెట్టకూడదు. 1920లో ఇంగ్లండులోని డీల్ అనే ఊళ్లో ఓపెన్ ఆడటానికి వచ్చిన అమెరికన్ వాల్టర్ హేగన్ ఈ తంతు చూసి, ఖరీదైన కారూ డ్రైవరునూ అద్దెకు తెచ్చి క్లబ్బుహౌసు ఎదురుగానే నిలిపి, అందులోనే బట్టలు మార్చుకున్నాడు. ఆ పోటీలో అతనికి దక్కింది 53వ స్థానం. అయినా ఆ ఏడాది డీల్‌లో ఎవరెక్కడ బట్టలు మార్చుకున్నారంటే చరిత్ర అతని పేరే చెబుతుంది. కార్లు నిలిపే చోటంటే క్లబ్బులకు అంత గుబులెందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇవన్నీ చాటుమాటు మర్యాదలు. మెంబరు మనసులోని మాటను కోర్టు మెట్లెక్కించి మరీ చెప్పించినవాడు పన్నుల అధికారి. ఇంగ్లండులో సిలోత్ అనే ఊళ్లోని క్లబ్బు తన లీజు షరతు ప్రకారం బయటివాళ్లను ఫీజు తీసుకుని ఆడనివ్వాల్సి వచ్చేది. ఆ ఫీజుల మిగులు మీద పన్ను కట్టాలా అన్న వివాదం 1913లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. తీర్పు: మెంబర్లు తమలో తాము వేసుకునే చందా లాభం కాదు, విజిటరు దగ్గర తీసుకునేది మాత్రం వ్యాపారం. మెంబరుతో అద్వైతం, విజిటరుతో ద్వైతం. మెంబరే క్లబ్బు, క్లబ్బే మెంబరు. తనకు తాను అమ్ముకునేవాడు లోకంలో ఉండడు. ఈ వేదాంతం మన దేశానికీ చేరింది. 2019లో కలకత్తా క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు దానికి ఆమోదముద్ర వేసింది. 2021లో పార్లమెంటు చట్టం సవరించి, అద్వైతానికి కూడా జీఎస్టీ తగిలించింది.

అసలు రసం బ్రిడ్‌పోర్ట్ క్లబ్బు కేసులో ఉంది. లాభాపేక్ష లేని క్లబ్బుల్లో మెంబరు చందాకు బ్రిటన్‌లో వ్యాట్ ఉండేది కాదు, విజిటరు ఫీజుకు అప్పట్లో ఉండేది. క్లబ్బు కోర్టుకెక్కింది. వాదన ఏమిటనుకున్నారు? విజిటరు ఆడేది మెంబరు ఆడే ఆటే, తొక్కేది అదే గడ్డి, ఇద్దరికీ మేం చేసే సేవ ఒక్కటే, ఇద్దరి మధ్యా తేడా చూపడం అన్యాయం! టై కట్టుకోలేదని నిన్న గుమ్మంలో ఆపినవాణ్ణి ఇవాళ కోర్టులో భుజం మీద చెయ్యేసి, వీడు మావాడే అన్నారు. 2013 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం నిజమేనంది. పాత పన్ను తిరిగిమ్మని క్లబ్బులు వరుస కట్టాయి. అప్పుడు పన్నుల శాఖ ఓ చిలిపి ప్రశ్న వేసింది: ఆ పన్ను కట్టింది విజిటర్లు కదా, తిరిగిచ్చేది మీ జేబులోకి ఎందుకు పోవాలి? బంధుత్వం అంతటితో ఆఖరు.

అన్నిచోట్లా ఇంతేనా అంటే, కాదు. గోల్ఫు పుట్టిల్లుగా చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్‌లో నేల ఏ క్లబ్బుదీ కాదు. అక్కడి ఆర్చిబిషప్పు 1552లో ఇసుక నేలలో కుందేళ్లు పెంచుకునే వీలు పుచ్చుకుంటూ, ఊరి జనం అక్కడ గోల్ఫు ఆడుకునే హక్కును కాగితం మీద ఒప్పుకున్నాడు. 1974 నుంచి పార్లమెంటు చట్టంతో ఏర్పడ్డ ట్రస్టు నడుపుతోంది. ఊరివాళ్లకు చందా చవక, కొన్ని వేళలు వాళ్లకే. మిగతా ప్రపంచం పేర్లిచ్చి లాటరీలో చీటీ కోసం చూస్తుంది. ఆదివారం మామూలుగా ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని వెంటబెట్టుకుని అంత ఖరీదైన గడ్డి మీద తీరిగ్గా షికారు చేస్తారు. కొంపలేం మునగలేదు. గడ్డి ఇంకా పెరుగుతూనే ఉంది.

మనవాళ్లు తెల్లదొరల దగ్గర ఆటకంటే ముందు నేర్చింది ఈ చూపునే. ఢిల్లీ గోల్ఫు క్లబ్బు ఉన్నది సర్కారు లీజు నేలలో. 2017 జూన్‌లో మేఘాలయకు చెందిన ఒక స్త్రీ అతిథిగా భోజనానికి వస్తే, ఆమె కట్టుకున్న సంప్రదాయ వస్త్రం జైన్‌సెమ్ పనిమనిషి దుస్తుల్లా ఉందని లేచి వెళ్లమన్నారు. దేశమంతా దుమ్మెత్తిపోశాక క్షమాపణలు వచ్చాయి. మన గోల్కొండకు రండి. నయాఖిల్లాలో గోల్ఫు మైదానం వెలిసింది. కుతుబ్‌షాహీల నాటి కట్టడాలూ, ఏనుగంత మొదలున్న హాతియాన్ కా ఝాడ్ అనే చెట్టూ అక్కడే ఉన్నాయి. వాటిని చూడనివ్వడానికి ఇన్ని ఆంక్షలేమిటని చరిత్ర ప్రేమికులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కోటలో కోట చూడవచ్చినవాడు విజిటరయ్యాడు, బంతి కొట్టవచ్చినవాడు ఇంటివాడయ్యాడు.

ఇలాంటి మన దొరగారొకరు సెలవుల్లో స్కాట్లండు వెళ్తారు. మంగళవారం నాడు అక్కడి మెంబరు ఆయన్ను బూట్ల నుంచి టోపీ దాకా ఒక్కసారి చూస్తాడు. మన దొరగారు ఆ చూపును భద్రంగా మోసుకొచ్చి, తిరిగొచ్చిన ఆదివారమే తన క్లబ్బులో మెడ లేని టీషర్టుతో వచ్చిన ఎవరి బావమరిది మీదో దించుతారు. దీనికి కస్టమ్స్ సుంకం కూడా లేదు.

ఇక క్లబ్బు వార్షిక సమావేశం. ఇది ఫలానా క్లబ్బుదని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. మొదటి తీర్మానం: విజిటర్ల వల్ల మైదానం పాడవుతోంది కనుక వాళ్ల రోజులు తగ్గించాలి. ఏకగ్రీవంగా ఆమోదం. కోశాధికారి కళ్లద్దాలు సర్దుకుని, అలా తగ్గే రాబడికి మెంబర్ల చందా ఎంత పెంచాలో చదువుతాడు. రెండో తీర్మానం: మొదటి తీర్మానాన్ని పునఃపరిశీలించడానికి ఒక ఉపసంఘం వేయాలి. ఇదీ ఏకగ్రీవమే. మూడో తీర్మానం: వచ్చే వేసవి నుంచి గ్రీన్ ఫీజు పెంచాలి. హాలంతా చప్పట్లు.

విజిటరుగారూ, ఆ క్లబ్బులో మీకు పడే చప్పట్లు అవే.