గుండీ బంటు

నేను చొక్కా గుండీని. తెల్లటి ప్లాస్టిక్కు, నాలుగు బెజ్జాలు. గుత్తికీ అనంతపురానికీ నడుమ, పెన్న ఒడ్డున ఉన్న పామిడిలో రెడీమేడ్ బట్టలు కుట్టే ఇళ్లకు కొదవ లేదు. అలాంటి ఒక ఇంట్లో డబ్బా అడుగున పడి ఉండేదాన్ని. చదరంగంలో ఒక తెల్ల బంటు తప్పిపోతే, ఆ కొలువు నాకు దక్కింది.

బోర్డు కొనిపించింది ఆ ఇంటి పాప. 2024 డిసెంబరులో కోనేరు హంపి న్యూయార్కులో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలవడం ఫోన్లో చూసి పట్టుబట్టింది. 2019లో మాస్కోలోనూ హంపి ఆ టైటిల్ గెలిచిందనీ, గుడివాడలో పుట్టిన మనిషనీ చెప్పాక జేజినాయన కాదనలేకపోయాడు.

కరెంటు పోయి మిషన్ మోటారు ఆగిందంటే బోర్డు పరవడమే. ఎవరి కుడిచేతి మూలన వాళ్లకు తెల్లగడి రావాలి, పాప ముందు చూసేది అదే. నన్ను కుడిచివర ఏనుగు ముందు నిలబెట్టింది. నిలబెట్టింది అనడం గొప్పకే, నేను పడుకునే ఉంటాను. పక్కగడిలోకి జారుతుంటాను కూడా. ముట్టుకున్న కాయనే ఆడాలి గనక, నన్ను సరిచేసే ముందు "సర్దుతున్నా" అని చెప్పాల్సి వచ్చేది పాపం.

బంటు నడిచేది ఎదురుగా, కొట్టేది మాత్రం ముందున్న మూలగడిలోకి. ఎదుట ఎవరైనా అడ్డం నిలిస్తే కదల్లేను, వాణ్ని కొట్టనూ లేను. రాజుతో సహా అందరికీ వెనక్కి వచ్చే వీలుంది, మాకే లేదు.

పేచీ మొదటి ఎత్తుకే వచ్చింది. పాప నన్ను రెండు గళ్లు జరిపింది.

"బంటు అట్ల ఉరుకుతాదా పాపా? ఒక్క గడే!"

"మొదటిసారి రెండు పోవచ్చు జేజినాయనా."

ఆయన్ని తప్పుపట్టను. పాత దేశీ ఆటలో బంటుకు ఒక్క గడే. పంజాబువాడు మీర్ సుల్తాన్ ఖాన్ ఆ పద్ధతిలో పెరిగి, పడమటి నియమాలు తర్వాత నేర్చుకుని, 1929లో బ్రిటన్ ఛాంపియన్ అయ్యాడు.

నేను అయిదో వరుసకు చేరాను. నా పక్క వరుస నల్లబంటును జేజినాయన, సరే చూద్దామని, రెండు గళ్లు ఉరికించి నా పక్కన దించాడు. పాప నన్ను అది దాటివచ్చిన ఖాళీగడిలో పెట్టి, ఆ బంటును తీసేసింది.

"నువ్వు పోయింది యాడికి? సచ్చింది యాడ?"

ఎన్ పాసాన్ అంటారట. రెండు గళ్ల వరమిచ్చాక, బంట్లు శత్రుబంటు దెబ్బ తప్పించుకుని దాటిపోకుండా పెట్టిన కట్టడి. వెంటనే తర్వాతి ఎత్తులోనే కొట్టాలి, ఆలస్యమైతే ఆ హక్కు పోతుంది. నాకు న్యాయంగానే తోచింది. నేను కొట్టినదాన్ని కదా!

అక్కణ్ణుంచి ఇంకో రెండు అడుగులు, చివరి వరుస. మళ్లీ పేచీ.

"గుర్రమింట్లో దిగితే గుర్రమే అయితాది" అన్నాడు ఆయన, తన పాత లెక్కలో.

"ఏదైనా కోరుకోవచ్చు, రాజు తప్ప. నాకు మంత్రి."

అంతకుముందే చచ్చిన మంత్రి తిరిగొచ్చి నా గడిలో కూర్చుంది. నన్ను తీసి పక్కన పడేశారు. బంటు గొప్పదైతే బంటుకు దక్కేది ఇంతే కాబోలు.

నాలుగు ఎత్తుల్లో నల్లరాజు కట్టు. జేజినాయన కాయలు మళ్లీ పేరుస్తూ నన్ను తనవైపు లాక్కున్నాడు.

"ఈతూరి తెల్లవి నాకు. గుండీ కూడా నాదే."