టీచరమ్మ దుర్భిణి

నా నడుము మీద 8×42 అని రాసి ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాననీ, ముందరి అద్దాల వెడల్పు 42 మిల్లీమీటర్లనీ దాని అర్థం. ఎనభై మీటర్ల అవతల మద్దిచెట్టు మీద వాలిన పిట్ట నాలోంచి చూస్తే పది మీటర్లలో ఉన్నట్టుంటుంది. కడుపులో నాలుగు గాజు పట్టకాలున్నాయి. తలకిందులుగా పడే బొమ్మను అవే నిలబెడతాయి. ఈ ఉపాయానికి 1854లో పోర్రో అనే ఇటలీ ఆయన పేటెంటు తీసుకున్నాడు. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోదగ్గది లేదు. కొన్నాక ఎట్లా బతికానన్నదే నా కథ.

నన్ను కొన్నది ఒక టీచరమ్మ. హైస్కూల్లో బయోసైన్స్ చెప్తుంది. ఆమె భర్త లెక్కల సారు. ఇల్లు కరీంనగర్‌లో. సారు ఉద్యోగం కరీంనగర్ జిల్లాలోనే, టీచరమ్మది మాత్రం డీఎస్సీలో పాత ఆదిలాబాద్ జిల్లాకు ఎంపికైన ఉద్యోగం. లక్సెట్టిపేట దగ్గరి బడిలో పనిచేసేది. పొద్దున బస్సెక్కితే చొప్పదండి, ధర్మారం, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన దాటి బడి వేళకు చేరేది, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. పీఆర్సీ బకాయిలు వచ్చినప్పుడు అందరూ బంగారం కొన్నారు, ఆమె నన్ను కొన్నది. అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున మమ్మల్ని మానేరు డ్యాం కట్ట మీద చూడాల్సింది. 1985లో పూర్తయిన ఆ డ్యాం నీళ్ళ మీదికి చలికాలంలో వలస బాతులు దిగుతాయి. సారు మెడలో నేను, టీచరమ్మ చేతిలో నోటుపుస్తకం, మధ్యలో బిడ్డ. నా రెండు గొట్టాల నడుమ ఒక కీలు ఉంది. చూసేవాళ్ళ కళ్ళ ఎడాన్ని బట్టి దాన్ని విప్పాలి, ముడవాలి. సారుది వెడల్పు ముఖం, పైగా కళ్ళద్దాలు. ఆయన చూడాలంటే నన్ను బాగా విప్పి, కంటి దగ్గరి రబ్బరు కప్పులు మడవాలి. టీచరమ్మకు కొంచెం ముడిస్తే చాలు. ఆమె కుడికన్ను కాస్త మసక, అందుకని కుడి గొట్టం మీది చుట్టును ఒక గీత పక్కకు తిప్పుకునేది. బిడ్డకైతే దాదాపు పూర్తిగా ముడవాలి. నన్ను చేతిలోకి తీసుకోగానే, అంతకుముందు చూసింది ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయేది.

ఒక దసరా నాడు వాళ్ళతో ఎలగందుల దారిలో వెళ్ళాను. జమ్మికి పోయొచ్చాక పాలపిట్టను చూడటం మన ఆచారం, మన రాష్ట్ర పక్షి కూడా అదే. చూపించి డబ్బులు అడగడానికి దాన్ని పట్టి పంజరంలో పెట్టేవాళ్ళున్నారు. టీచరమ్మకు అది చూస్తే కన్నీళ్ళొస్తాయి. కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను నాలోంచి బిడ్డకు చూపించింది. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టే. ఎగిరినప్పుడు రెక్కలో రెండు నీలాలు, ఒకటి లేతది, ఒకటి చిక్కనిది, పక్కపక్కనే విచ్చుకున్నాయి. "అమ్మా, గిన్ని దినాలు ఇది నీలం ఎక్కడ దాచింది?" అన్నది బిడ్డ. నా జీవితంలో నేను గర్వపడే పనుల్లో అదొకటి.

2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచడానికి 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చింది. పంపకం సీనియారిటీ మీద. లక్సెట్టిపేట మంచిర్యాల జిల్లాలోకి పోయింది, టీచరమ్మకు ఆదిలాబాద్ జిల్లా పడింది. ఇంద్రవెల్లి అవతల ఒక ఊరి బడి. రోజూ వచ్చిపోయే దారి వారానికొకసారి వచ్చే దారయింది. ఉట్నూరులో గది తీసుకున్నది. ఒక పరుపు, ఒక స్టవ్, ఒక రైస్ కుక్కర్, నేను.

శనివారం బడి విడిచాక బయలుదేరితే ఉట్నూరు, ఇందన్‌పల్లి చెక్‌పోస్టు, జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట. తన పాత బడి ముందునుంచే బస్సు పోయేది. ఆమె తల తిప్పుకునేది కాదు, చూస్తూనే ఉండేది. ఒళ్ళో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉండేది. ఇంటికి చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉండేది. ఆదివారమంతా ఉతుకుడు, వారానికి సరిపడా పొడులు, పచ్చళ్ళు, అత్తగారి మందులు, బిడ్డ నోటుపుస్తకాలు. సోమవారం చీకటితోనే మళ్ళీ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ పైసలు తప్పాయి. మిగిలిన డబ్బు గది కిరాయికి పనికొచ్చింది, సీటు మాత్రం దొరకలేదు. నిలబడి పేపర్లు దిద్దడం రాదు కాబట్టి ఆ పని రాత్రి నిద్రలోకి జరిగింది. అంతకుముందు, 2023 జనవరిలో, భార్యాభర్తల బదిలీలు కొన్ని జరిగాయి. ఆమె పేరు అందులో లేదు.

అయినా అక్కడ నాకు మంచిరోజులే నడిచాయి. కవ్వాల్ అడవి 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల రక్షిత ప్రాంతం. దాని అంచునే మేముండేది. బడి పిల్లల్లో ఎక్కువమంది గోండులు, కొందరు కొలాములు, లంబాడాలు. ఎనిమిదో తరగతిలో జీవవైవిధ్యం పాఠం వచ్చిన రోజు టీచరమ్మ వాళ్ళను వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి నన్ను వరసలో అందరికీ ఇచ్చింది. ఒక పిల్ల మాత్రం చెయ్యి చాపలేదు. "నాకొద్దు మేడం, అది అటుదిక్కు మూడో చెట్టు మీదున్నది, ఇనబడ్తలేదా?" అన్నది. ఆ దిక్కు నన్ను తిప్పితే పిట్ట అక్కడే ఉంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల చెవి, నా కన్ను కలిసి పాఠం చెప్పాయి. పెంచికల్‌పేట వైపు పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టిన రాబందుల గురించి కూడా టీచరమ్మ చెప్పింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపిందని, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారని. ఇంటికి పోయి పిల్లలు పశువుల మందు సీసాల మీది పేర్లు చదివారు.

సెలవుల్లో బిడ్డనూ సారునూ పిలిపించి మార్లవాయి తీసుకెళ్ళింది. హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ నిజాం కాలంలో ఆ గోండు గూడెంలో ఉండి పనిచేశారు. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. బెట్టీ 1987లో పోయినప్పుడు ఆమె కోరిక మేరకు అక్కడే సమాధి కట్టారు. సారు చాలాసేపు ఆ సమాధి దగ్గర నిలబడ్డాడు. "ఇద్దరూ ఒక్క ఊర్లనే పనిచేసిన్రు" అన్నాడు. టీచరమ్మ జవాబివ్వలేదు. నన్ను ఆయన మెడలో వేసింది.

ఆ ప్రయాణం తర్వాత ఆమె నన్ను కరీంనగర్‌లో బిడ్డ దగ్గరే వదిలింది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. కనీసం పావుగంటసేపు చూసి కనిపించినవి రాసుకోవాలి. బిడ్డ ఇక్కడ డాబా మీద నాతో, తల్లి అక్కడ ఉట్టి కళ్ళతో, ఫోను చెవిలో పెట్టుకుని ఒకే పావుగంట లెక్కపెట్టేవాళ్ళు. శనివారం రాత్రి ఇంటికొచ్చిన టీచరమ్మ మొట్టమొదట నా కీలు చూసేది. పూర్తిగా ముడిచి ఉంటే, వారంలో బిడ్డ డాబా ఎక్కిందని ఆమె ముఖం విప్పారేది.

ఇక నా కష్టం చెప్తాను. తర్వాత ఒక ఏడు బిడ్డ పదో తరగతికి వచ్చింది. సారు వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. సారు పొద్దున వంట చేసి, తల్లికి స్నానం చేయించి, బిడ్డను ట్యూషన్‌లో దింపి తన బడికి పోయేవాడు. చూడటానికొచ్చిన చుట్టాలు సోఫాలో ఉన్న నన్ను చూసి, "పిల్ల టెన్త్, ముసలామె గిట్ల పడ్డది, ఇంక పిట్టలేంది?" అన్నారు. అంతకుముందే వాళ్ళలో ఒకతను నన్ను అడిగి తీసుకుపోయి, దుమ్ము తువ్వాలతో నా ముందరి అద్దాలను తుడిచి, సన్నటి గీతలతో తిరిగిచ్చాడు. అతని మాటకే విలువ దొరికింది. సారు నన్ను ఉత్త చేతులతో, సంచీ లేకుండా, బీరువా పై అరలో దుప్పట్ల వెనక పెట్టాడు.

చీకటి నాకు కొత్త కాదు, సంచీలో అలవాటే. చెమ్మే నన్ను చంపింది. వానాకాలమంతా ఆ గోడ కారింది. అద్దం మీద ఎవరి వేలి జిడ్డో, ఎక్కడి దుమ్మో ఉంటుంది. దాన్ని తిని బూజు మొలుస్తుంది. ముందు ఎడమ గొట్టం లోపల ఒక చుక్క. తర్వాత దానికి దారాలు. ఆ దారాల నుంచి ఊరే ఆమ్లం అద్దం మీది పూతను కొరుకుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకు నేను కొత్తదానిలాగే ఉన్నాను. కీలులోని గ్రీజు బిగుసుకుపోయింది. తుమ్మెద రెక్కలో గీతలు లెక్కపెట్టించిన కన్ను నాది. ఆ బీరువాలో అది దుప్పటి నూలు తప్ప ఏమీ చూడలేదు.

బీరువా లోపలికి మాటలు వినిపించేవి. ఆదివారాలు ఆమె వచ్చేది. గ్యాస్ అయిపోయింది, ఫిజియోథెరపీ ఆయనకు ఇంత ఇచ్చాను, ట్యూషన్ ఫీజు ఈ నెల కట్టాలి, నీ బదిలీ దరఖాస్తు ఏమైంది. అంతే. నేను బయట ఉన్న రోజుల్లో వాళ్ళేమీ పొద్దంతా పిట్టల గురించి మాట్లాడుకోలేదు. పిట్ట కోసం ఎదురుచూస్తూ డ్యాం కట్ట మీద కూర్చుని మిగతావన్నీ మాట్లాడుకున్నారు. అలకలు అక్కడే తీరాయి, బిడ్డ బడిలో జరిగిన అవమానం అక్కడే చెప్పింది. నాకు కావాల్సింది వారానికి ఒక గంట. రోజులు ఇరుకైనప్పుడు ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు తీసేసింది ఆ గంటనే. తీసేసినా తల్లి మంచం దగ్గర సారుకు తీరిక పెరగలేదు, బిడ్డ మార్కులూ పెరగలేదు. ఇద్దరూ తొందరగా అలిసిపోవడం మాత్రం నేను విన్నాను.

పరీక్షలయ్యాక దుప్పట్లు ఎండలో వేస్తుంటే బిడ్డ చేతికి తగిలాను. గట్టిగా పట్టి కీలు కదిపింది. అలవాటు కొద్దీ పూర్తిగా ముడవబోయి ఆగింది. ఇప్పుడు అంత ముడవక్కర్లేదు. ఆమె కళ్ళ ఎడం ఇంచుమించు తల్లి కళ్ళంత అయింది. కంటికి ఆనించి, "అమ్మా, లోపల సాలెగూడు ఉన్నది" అని ఫోను చేసింది.

హైదరాబాద్‌లో బాగుచేసే ఒకాయన నన్ను విప్పి బూజు తుడిచాడు. పూత పోయినచోట ఎడమ గొట్టంలో ఒక మసక మిగిలింది, అది పోదన్నాడు. టీచరమ్మ బదిలీ ఇంకా కాలేదు. ఈసారి నేను ఆమెతో ఉట్నూరులో ఉన్నాను. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ఆమె కరీంనగర్ పోదు. సారూ బిడ్డా ఇటు వస్తారు, ముసలామె దగ్గర ఆడబిడ్డ ఉంటుంది. పొద్దున ఒక గంట జన్నారం దారిలో నడుస్తాం.

మీ ఇంట్లో నాలాంటిది ఉంటే, ఈ వానాకాలం ముదరకముందే బీరువాలోంచి బయటికి తీయండి. నాలుగు సిలికా జెల్ పొట్లాలతో మూత బిగువైన డబ్బాలో పెట్టండి. ముందు దుమ్ము ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి, తువ్వాలతో వద్దు. అన్నిటికన్నా మేలు, ఈ ఆదివారం ఇంట్లోవాళ్ళతో కలిసి మెడలో వేసుకుని చెరువు కట్టకు బయలుదేరండి.