జెట్స్ సంగతి ఎవరూ అడగరేం?

మా మనవడు వేసుకొచ్చిన జెర్సీ మీద చార్లెస్‌టౌన్ చీఫ్స్ అని ఉంది. 'స్లాప్ షాట్' సినిమా కోసం కల్పించిన ఊరు, కల్పించిన జట్టు. "అసలు జట్టు పేరేమిట్రా?" అంటే తెల్లమొహం వేశాడు. వాణ్ణని ఏం లాభం, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకే తెలీడం లేదు. జాన్స్‌టౌన్ జెట్స్! పెన్సిల్వేనియా కొండల మధ్య ఈ ఉక్కు ఊళ్ళో 1950 నుంచి 1977 దాకా ఐస్ హాకీ ఆడిన జట్టు. 1960, 61, 62 వరసగా మూడేళ్ళు ఈస్టర్న్ లీగ్ గెలిచిన జట్టు.

నేను 1974లో డాక్టరుగా ఇక్కడికొచ్చాను. కృష్ణా జిల్లావాణ్ణి, హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన ఆట ఒక్కటే తెలుసు. మా పక్కింటాయన బెత్లెహెమ్ స్టీల్ మిల్లులో పనిచేసేవాడు. ఓ శనివారం రాత్రి "కోటేసుకో డాక్టరూ" అని వార్ మెమోరియల్‌కి లాక్కెళ్ళాడు. యుద్ధాల్లో పోయిన ఈ జిల్లా కుర్రాళ్ళ గుర్తుగా కట్టిన హాలు అది. నాలుగు వేలమంది పడతారు. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి కూర్చునేవాళ్ళు. చెక్క స్టిక్ పక్ అనే రబ్బరు బిళ్ళకి తగిలిన చప్పుడు పైవరస దాకా వినపడేది. ఆ చప్పుడుని బట్టే పక్ ఎంత వేగంగా పోతోందో చెప్పేవాడు మా పక్కింటాయన. ఇప్పుడు ఏ రింక్‌కి వెళ్ళినా విజిల్ పడటం ఆలస్యం, చెవులు చిల్లులు పడేలా పాటలు పెడతారు. గోలు పడితే ఎదురుగా ఉన్న మంచు మీద చూడరు, చేతిలో ఫోను చూస్తారు. అసలు ఆట చూడ్డానికి వస్తున్నారా వీళ్ళు?

నేనొచ్చిన మొదటి శీతాకాలమే జెట్స్ అప్పుడు ఆడుతున్న లీగ్‌లో లాక్‌హార్ట్ కప్ గెలిచారు. ఆ జట్టులో కార్ల్‌సన్ అన్నదమ్ములు ముగ్గురు ఉండేవాళ్ళు. నెడ్ డౌడ్ అని ఇంకో ఆటగాడు. అతని అక్క నాన్సీ డౌడ్ ఈ ఊరొచ్చి, వీళ్ళ మధ్య తిరిగి 'స్లాప్ షాట్' కథ రాసింది. 1976లో పాల్ న్యూమన్‌ని పెట్టి ఇక్కడే తీశారు. అందులో కళ్ళజోళ్ళ హాన్సన్ సోదరులుగా కనిపించేది జెఫ్ కార్ల్‌సన్, స్టీవ్ కార్ల్‌సన్, డేవ్ హాన్సన్. ముగ్గురూ జెట్స్‌కి ఆడినవాళ్ళే.

మంచి సినిమాయే, కాదనను. కానీ అది చూసినవాళ్ళు మేమంతా రక్తం చూడ్డానికే వెళ్ళేవాళ్ళం అనుకుంటున్నారు. పగిలిన కనుబొమలకి కుట్లు వేసిన చెయ్యి నాది. దెబ్బలాటలు ఉండేవి, లేవనను. హెల్మెట్లు రావడం మంచిదే, అది కూడా ఒప్పుకుంటాను. కానీ మమ్మల్ని రప్పించింది ఆట. మూడో పీరియడ్లో ఒక్క గోలు వెనకబడి ఉన్నప్పుడు నాలుగు వేలమంది ఒకేసారి ముందుకు వంగడం ఏ సినిమాలో ఉంది?

1976లోనే పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. ఆ చలికాలం శనివారాలు పొద్దున్నే గంటన్నర కారు నడిపి దర్శనం చేసుకుని, సాయంత్రానికి జెట్స్ ఆటకి తిరిగొచ్చేవాళ్ళం. నా భార్య చీర మీద కోటు తొడుక్కుని గ్యాలరీలో కూర్చునేది. ఎవరూ వింతగా చూడలేదు, జరిగి చోటిచ్చారు.

సినిమా 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. అందులో మిల్లు మూతపడుతుంటే జట్టు కూడా చెదిరిపోయే పరిస్థితి వస్తుంది. అది తెరమీద చూసి ఆరు నెలలైనా కాలేదు, జులైలో ఒక్క రాత్రి కురిసిన వానకి వరద వచ్చి 80 మందికి పైగా పోయారు. 1889లో కూడా వరద 2,200 మందిని మింగిన ఊరే ఇది. హాలులోకి నీళ్ళొచ్చాయి, లీగ్ కూడా చితికిపోయింది. జెట్స్ మళ్ళీ ఆడలేదు.

వరద మీద ఎవరు అలుగుతారు? నా కోపం తర్వాత జరిగినదాని మీద. 1988లో చీఫ్స్ అని, సినిమాలోని జట్టు పేరే పెట్టుకుని కొత్త జట్టొచ్చింది. స్టీవ్ కార్ల్‌సనే కోచ్. ఈస్ట్ కోస్ట్ లీగ్ మొదలుపెట్టిన ఐదు జట్లలో ఒకటి. మొదటి ఏడాదే ఫైనల్లో ఏడో ఆటదాకా వెళ్ళి కరోలినా చేతిలో ఓడింది. ఆ లీగ్ నుంచి అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిన మొదటివాడు మా గోలీ స్కాట్ గోర్డన్. 1992లో బెత్లెహెమ్ స్టీల్ వెళ్ళిపోయింది, చీఫ్స్ మాత్రం ఉన్నారు. మిగతా నాలుగు జట్లూ తలో ఊరికీ తరలిపోయినా వీళ్ళు ఉన్నారు. 22 సీజన్లు. చివరికి 2010లో జట్టుని మూటకట్టి దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌కి పంపేశారు. వరద కాదు, సమ్మె కాదు, టికెట్ల లెక్కలు సరిపోలేదట! 1920లో 67 వేలమంది ఉన్న ఊళ్ళో ఇప్పుడు 18 వేలు దాటితే గొప్ప. ఉన్నవాళ్ళలో ఎంతమంది వస్తున్నారో చూడాలి గాని, ఎక్కువమంది ఉన్న ఊళ్ళతో పోలుస్తారా?

2012 నుంచి టోమాహాక్స్ అని కుర్రాళ్ళ జట్టు ఆ హాల్లోనే ఆడుతోంది. చలి మరీ ముదరకపోతే వెళ్తుంటాను, మా పక్కింటాయన కూర్చునే వరసలోనే కూర్చుంటాను. వచ్చే శీతాకాలం మనవణ్ణి కూడా తీసుకెళ్తాను. ఆ జెర్సీ ఇంట్లో పెట్టి రమ్మన్నాను.